గాజు సీసా లేని ఇంట్లో ఇంగ్లీషు పాటలు

మొన్న ఆదివారం తిరువళ్ళూరులో మా ఇంట్లో, మా మనవరాలు అరచేతిలో ఇమిడే స్పీకరొకటి బల్ల మీద పెట్టి, ఏదో పాత ఇంగ్లీషు పాట మోగించింది. గిటారు గరగరమని లేచి, వెనకే గొంతు చించుకుని ఒక మగమనిషి అరుపు అందుకోగానే, నా చెయ్యి నాకు తెలియకుండానే శబ్దం తగ్గించడానికి ముందుకు పోయింది, నా చూపు వీధి తలుపు మీదికి పోయింది. మేముంటున్నది మూడో అంతస్తు. ఆ తలుపు అవతల మెట్లున్నాయి తప్ప తిన్నె లేదు, తిన్నె మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచే మా మామగారూ లేరు, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. "ఏమవ్వా, బయపడినావా?" అని ఆ పిల్ల నవ్వింది. భయపడక ఏం చేస్తాను, ఆ రకం గొంతు వింటే నాకు నలభై ఏళ్ళుగా గుండె దడే. ఈ మాట దానికి చెబితే కథ అనుకుంటుంది. నా ఈడు వాళ్ళు మీరైతే నమ్ముతారని చెప్పుకుంటున్నాను.

నేను తిరుపతిలో బి.ఏ. ముగించి, ఎనభైలు మొదలైన కొత్తలో, తమిళనాడులో కనకమ్మ సత్రం అనే ఊరికి దగ్గర్లోని ఒక పల్లెకు కోడలిగా వచ్చాను. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, ఆఫీసు కాగితాల్లో ఇంగ్లీషు నడిచే చోటది. మా ఇంటాయన తిరుత్తణిలో ఒక ఆఫీసులో గుమాస్తా, మా మరిది మద్రాసు దగ్గర అంబత్తూరు వైపు ఒక వర్క్‌షాపులో పని, పొద్దున పోతే పొద్దుగూకినాక వచ్చేవాడు. ఇంగ్లీషు చదివిన కోడలని నాకు ఊళ్ళో ఎక్కడలేని పేరు వచ్చింది గాని, నా ఇంగ్లీషంతా గైడు పుస్తకాల ఇంగ్లీషు, పరీక్ష హాలు దాటి బయట ఎన్నడూ నడిచి ఎరగదు. ఆ పేరే నా కొంప ముంచుతుందని అప్పుడు నాకేం తెలుసు!

కాపురానికి వచ్చిన మొదటి రోజే ఒక వింత జరిగింది. మా అమ్మ సారెతో పాటు తలనూనె సీసా ఒకటి పెట్టి పంపింది. మా అత్తగారు దాన్ని చూడగానే ముఖం మాడ్చుకుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా నూనెనంతా స్టీలు డబ్బాలోకి వంపేసి, ఖాళీ సీసాను కొంగు కింద దాచుకుని పెరటి గోడ అవతలికి విసిరేసి వచ్చింది. తరవాత చూద్దును గదా, ఆ ఇంట్లో గాజు సీసా అన్నదే లేదు. కిరసనాయిలు రేకు డబ్బాలో, నువ్వుల నూనె ఇత్తడి చెంబులో, చివరికి దగ్గు మందు కూడా కొన్న రోజే మూత ఉన్న గిన్నెలోకి మార్చి బియ్యం డ్రమ్ములో పూడ్చిపెట్టేవారు. మూడో రోజో నాలుగో రోజో రోట్లో పిండి రుబ్బుతూ అత్తగారు నాకు సంగతి చెప్పింది. చెప్పిందన్నాను గాని, తాగుడు అన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, అందుకని ఆమె "మీ మామ అప్పట్లో ఆ పక్కకు పోతావుండె" అంది, అంతే.

ఆ పక్క అంటే ఆంధ్రా పక్క. మా వైపు ప్రభుత్వం మద్యం మూసేసిన కాలంలో, తాగేవాళ్ళు బస్సెక్కి సరిహద్దు దాటి పోయి తాగి వచ్చేవారు, మీకూ గుర్తుండే ఉంటుంది. ఇరవై ఏళ్ళు తాగిన మా మామ కూడా అలాగే పోయేవాడు. ఒకరోజు అలా పోయి, తిరుగు బస్సు కూడా ఎక్కలేక అక్కడే ఒక చెట్టు కింద పడిపోయాడు; ఆ రోజే ఇక్కడ ఆయనను కన్నతల్లి కన్నుమూసింది. మనుషులు వెతికి వెతికి, ఇక శవాన్ని ఉంచకూడదని, దాయాది చేత కొరివి పెట్టించారు. మరునాటికి ఇల్లు చేరినవాడు విషయం విని, నేరుగా తిరుత్తణి కొండెక్కి గుండు గీయించుకుని, స్వామి ఎదుట ఇక ముట్టనని మొక్కుకుని, చెంపలు వాయించుకుని వచ్చాడట. నేను వచ్చేనాటికి అది జరిగి ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో చుక్క ముట్టలేదు.

అయినా ఎవరూ నమ్మలేదు, అదీ ఆ ఇంటి కష్టం. ఆయన పొలం నుంచి వచ్చినా, పక్కింటి నుంచి వచ్చినా, మా అత్తగారు చెంబుతో నీళ్ళు పట్టుకుని గడప దగ్గర నిలబడేది. కాళ్ళకు నీళ్ళిచ్చే వంకతో దగ్గరికి పోయి, ఏదో ఒకటి అడిగి ఆయన చేత నోరు తెరిపించి, వాసన చూసేది. ఆయనకు తెలుసు. తెలిసీ, ప్రతి పూటా అడిగినదానికి బదులు చెప్పి, నోరు చూపించి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేవాడు. ఆయన చెల్లెలు నగరిలో ఉండేది, బస్సెక్కితే గంట దూరం; అయినా అది ఆ పక్క గనక ఆరేళ్ళుగా ఆయనను ఒంటరిగా పంపలేదు. నాకు మొదట్లో ఇదంతా నవ్వు తెప్పించింది. ఆరు నెలలు తిరక్కుండానే నేనూ దగ్గు మందును బియ్యంలో పూడ్చడంలో ఆరితేరాను.

అలాంటి ఇంటికి మా మరిది ఒక టేప్ రికార్డరు మోసుకొచ్చాడు. వర్క్‌షాపులో ఆయనకు పెరంబూరు ఆంగ్లో ఇండియన్ స్నేహితుడొకడు ఉండేవాడు, వాడు ఒక క్యాసెట్టు నింపి ఇచ్చాడు. మా మరిదికి గిటారు పిచ్చి, డ్రమ్సు పిచ్చి. మాటలతో ఆయనకు పని లేదు, ఆ అరుపుల్లో మాటలున్నాయని కూడా ఆయన అనుకోలేదేమో. ఆదివారం పొద్దున తిన్నె మీద పెట్టి మోగిస్తే, మామ వేరుశనక్కాయలు ఒలుస్తూ పాదంతో తాళం వేశాడు. నేను లోపల కూర తరుగుతున్నాను. బి.ఏ. చదివినా మొదటి పాటలో నాకు ఒక్క ముక్క అంతుచిక్కలేదు. రెండో పాటలో "విస్కీ" అని వినబడింది. ఏదో పొరపాటులే అనుకున్నాను. మూడో పాటలో వాడెవడో ఇంకో గ్లాసు పొయ్యి, ఇంకో గ్లాసు పొయ్యి అని అంగడివాణ్ణి బతిమాలుతున్నాడు. లేచి వచ్చి క్యాసెట్టు డబ్బా చూద్దును గదా, అట్ట మీద ఆ స్నేహితుడు ఇంగ్లీషులో ముద్దు ముద్దుగా "సీసా పాటలు" అని రాసి పెట్టాడు. పండగ విందుకని ఏరి ఏరి నింపినవట, రెండు పక్కలా తాగుడు పాటలే.

సరిగ్గా అప్పుడే మామ తలెత్తి, "ఏమ్మా, చదువుకున్నదానివి గదా, ఏమని పాడతాండాడు వాడు?" అన్నాడు.

ఆ క్షణంలో నాకు కనబడింది ఆ చెట్టు, దాని కింద పడిపోయిన మనిషి. ఈ పాట ఏమంటుందో తెలిస్తే ఆరేళ్ళ కోరిక లేచి కూర్చుంటుందేమోనని, నా నోటి వెంటే మా ఇల్లు మళ్ళీ పాడవుతుందేమోనని భయమేసింది. గభాలున నోటికి వచ్చింది చెప్పాను, వాన పాట మామా అని. వాన రాలేదని దేవుణ్ణి పిలుస్తున్నాడని కూడా కలిపాను. ఆయన కాసేపు విని, "అంత గట్టిగా పిలిస్తే వచ్చేది పిడుగే" అని మళ్ళీ కాయలు ఒలుచుకున్నాడు.

ఒక అబద్ధంతో పోలేదండీ. ఆయన ప్రతి ఆదివారమూ ప్రతి పాటకూ అర్థం అడగసాగాడు. నేనేమో ఒకదాన్ని ఎద్దుల పాట అన్నాను, ఒకదాన్ని రైలు పాట అన్నాను, ఇంకోటి అప్పగింతల పాట అన్నాను. అప్పగింతలప్పుడు అంత డ్రమ్ములెందుకని ఆయన అడిగితే, వాళ్ళ దేశంలో అంతేనన్నాను. ఏది ఎద్దులో ఏది రైలో మరిచిపోతానని పోపుల డబ్బా మూత లోపల వరస రాసి పెట్టుకున్నాను, నమ్మండి. అయినా ఒకరోజు దొరికిపోయాను. "పోయిన వారం ఎద్దుల పాటంటివే, ఈ పొద్దు రైలంటాండావే" అన్నాడు. ఎద్దులను రైల్లో తీసుకుపోతున్నారు మామా అన్నాను. ఆయన నా ముఖం వైపు చూసి చిన్నగా తల ఊపాడు. ఆ ఊపడంలో ఏముందో అప్పుడు నాకు తోచలేదు. అత్తగారికి చెబుదామంటే ఆమె టేప్ రికార్డరుతో పాటు మరిదిని కూడా బయటికి గెంటేస్తుంది. మా ఇంటాయనకు చెబితే వాళ్ళమ్మకు చెబుతాడు. ఒక్కదాన్నే మోశాను, ఆదివారం వస్తోందంటే శనివారం నుంచే అన్నం సయించేది కాదు.

ఇంతలో తిరుత్తణి కొండ మీది స్వామి పండగ ఆడికృత్తిక వచ్చింది. కావళ్ళు భుజాన పెట్టుకుని తిరుత్తణికి నడిచిపోయే జనానికి మా వాళ్ళు ఏటా రోడ్డు పక్కన మజ్జిగ పందిరి వేసేవారు, మైక్ సెట్టు పెట్టి భక్తి పాటలు మోగించేవారు. ఆ ఏడు రెండు రోజుల ముందే మామ భోజనాల దగ్గర తాపీగా అన్నాడు, మరిది క్యాసెట్టు పందిట్లో పెడదామని, ఆ డ్రమ్ముకు కావడి ఆట బాగా కుదురుతుందని, అందులోనూ వాన పాట కూడా ఉందాయె అని. మరిది ఎగిరి గంతేశాడు. ఆ పందిట్లో ఏటా మొదటి బెంచీలో కూర్చునేది ఎవరనుకున్నారు, హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మా ఊరి అయ్యవారు. విభూతి పెట్టుకుని, ఉపవాసంతో, హరోహర అంటూ పోయే జనం నడుమ, ఇంకో గ్లాసు పొయ్యరా అని మైకులో అరిస్తే ఆయన ఊరుకుంటాడా? ఊరందరి ఎదుటా అర్థం విప్పి చెబుతాడు. మొక్కుకున్న మనిషి చేతే, మొక్కుకున్న స్వామి దారిలోనే ఆ పాట పెట్టించిన పాపం నాది. సిగ్గుతో ఆయన మళ్ళీ ఆ పక్కకు పోడని నాకెవరు పూచీ?

మరునాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ క్యాసెట్టు తీశాను. తలలోని పిన్నుతో రిబ్బను పైకి లాగాను. లాగేకొద్దీ వస్తూనే ఉంది, మూరలు మూరలు, చేతులకు చుట్టుకుంటూ. ఏడుస్తూనే లాగాను, ఎందుకంటే మా మరిది దాన్ని ఎంత అపురూపంగా చూసుకునేవాడో నాకు తెలుసు. అంతా కుప్పచేసి పెరట్లో వేరుశనగ పొట్టు గుట్టలో దూర్చి, పైన ఇంత పొట్టు కప్పి, చేతులు కడుక్కుని వచ్చాను. పొట్టులో దాచడమంత తెలివితక్కువ పని ఇంకోటి ఉంటుందా చెప్పండి, రోజూ ఆ గుట్ట మీద పొట్టు పోసేది మామే గదా! బియ్యం డ్రమ్ములో దాచి దాచి, దేన్నైనా పూడ్చితే చాలు కనబడదని అలవాటైపోయింది మాకు.

సాయంత్రం ఎండ తగ్గే వేళ అత్తగారు పందిరి కోసం పాలు తోడు పెట్టించడానికి పక్కింటికి పోయింది. నేను తిన్నె మీదికి వచ్చి చూస్తే, మామ కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో తువ్వాలు పరిచి ఉంది, తువ్వాల మీద ఆ రిబ్బను చిక్కు. పెన్సిలు క్యాసెట్టు చక్రంలో పెట్టి తిప్పుతూ, పొట్టు దులుపుతూ, పేడ అంటినచోట ఉమ్మితో తుడుస్తూ, జానెడు జానెడు లోపలికి చుడుతున్నాడు. ఆయన నన్ను చూడకుండానే అన్నాడు:

"కూచోమ్మా. ఆ కొస పట్టుకో, మెలిక పడతాండాది."

పట్టుకున్నాను. ఆయన ఇంకో నాలుగు జానలు చుట్టాడు. తరవాత ఆయన నెమ్మదిగా మొదలుపెట్టాడు. "తాగినోడి గొంతు నాకు తెల్దా అమ్మా? ఇరవై ఏండ్లు ఆ గొంతుతోనే బతికినా. బాస తెలీకపోతే ఏమి, మొదటి పొద్దే కనుక్కున్నా." అలాంటప్పుడు నన్ను ఎందుకడిగావు మామా అన్నాను, ఏడుపు ఆపుకోలేక. ఆయన పెన్సిలు తిప్పడం ఆపాడు. "ఈ ఇంట్లో అందురూ నా ముందర దాస్తారు. సీసా దాస్తారు, మాట దాస్తారు. నోట్లో మూతి పెట్టి చూస్తారు. నువ్వు కొత్తగా వొచ్చినదానివి. నువ్వొకతివైనా నాకాడ దాచవేమో అని అడిగినా. పతి ఆదివారమూ అడిగినా. పందిట్లో పెడదామన్నదీ అందుకే, అప్పుడన్నా చెప్తావేమో అని."

అప్పటిదాకా నా భయమంతా ఆయన తాగుతాడేమోనని. ఆయన కోరింది మాత్రం, తాగడని ఒక్కరైనా నమ్మాలని. ఆరు నెలలుగా ఆదివారం ఆదివారం ఆ మనిషి చెయ్యి చాచాడు, నేను అందులో ఎద్దులూ రైళ్ళూ పెట్టాను. అంత సిగ్గు నా జన్మలో ఎన్నడూ పడలేదు.

చుట్టడం అయినాక ఆయనే టేప్ రికార్డరు తెచ్చి పెట్టాడు. ఇప్పుడు చెప్పమ్మా అన్నాడు. చెప్పాను. నాకు వినబడినంత మేరకు, ఏదీ దాచకుండా, వాడు విస్కీ అంటే విస్కీ అనీ, సీసా అంటే సీసా అనీ, నేల గుండ్రంగా తిరుగుతోందంటే తిరుగుతోందనీ, ఆ ఇంట్లో ఆరేళ్ళుగా ఎవరూ పలకని మాటలన్నీ తిన్నె మీద కూర్చుని పలికాను. ఎవరైనా వింటారేమోనని వీధి వైపు చూస్తూనే ఉన్నాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఒక్కచోట నవ్వాడు, "అవును, అట్నే ఉంటాది" అన్నాడు. పక్క అయిపోయి మీట టక్కుమని పైకి లేచాక అడిగాడు:

"తెల్లారినాక ఏమైందో యాడన్నా చెప్పినాడా?"

లేదు మామా, ఒక్క పాటలోనూ లేదు అన్నాను.

"చెప్పడులే. తెల్లారేది చెప్తే పాట యాడుంటాది" అని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

మరునాడు పందిట్లో ఎప్పటి భక్తి పాటలే మోగాయి. క్యాసెట్టు సంగతి మామ ఎత్తలేదు, మరిది ఎత్తబోతే ఆ గోల మైకుకు పనికిరాదులే అని కసిరాడు. అయ్యవారు మొదటి బెంచీలో కూర్చుని నాలుగు గ్లాసుల మజ్జిగ తాగి లేచిపోయాడు. ఆ రిబ్బను నేను లాగినచోట ఒక ముడత మాత్రం ఉండిపోయింది, మూడో పాటలో అక్కడికి వచ్చేసరికి గిటారు తూలి మళ్ళీ నిలబడేది. మరిది ఎప్పుడూ మిషను తప్పనుకునేవాడు. మామ మాత్రం అక్కడ నావైపు చూసి మీసాల్లో నవ్వుకునేవాడు.

ఆ ఏడు చలికాలంలో నగరి నుంచి కబురొచ్చింది, ఆయన చెల్లెలికి ఒంట్లో బాగాలేదని. ఇంట్లో మగవాళ్ళిద్దరికీ సెలవు దొరకలేదు. నేనొక్కడినే పోయి వస్తానని మామ చొక్కా తొడుక్కున్నాడు. అత్తగారు వద్దనలేకపోయింది, సరేననలేకపోయింది. పొద్దున బస్సెక్కిన మనిషి మూడింటి బస్సుకు రాలేదు, నాలుగున్నర బస్సుకూ రాలేదు. ఆమె గడపలోనే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, వీధి మలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. నేను వంటింట్లోకి గడపలోకి తిరుగుతూ, ఆ చెట్టు ఇంకా అక్కడ ఉందో కొట్టేశారో అని పిచ్చి పిచ్చిగా ఆలోచించాను. దీపాలు పెట్టే వేళకు మలుపులో ఆయన కనబడ్డాడు. నెమ్మదిగా నడుస్తున్నాడు, అలసటో మరోటో చెప్పలేని నడక. అత్తగారు లేవబోయి లేవలేక, చెంబు నాకు అందించింది. "నువ్వు పోమ్మే. కొంచెం దగ్గిరగా నిలబడు" అంది.

పోయాను. ఆయన తిన్నె ముందు ఆగి, నా చేతిలో చెంబు చూశాడు. ఆరేళ్ళ అలవాటు, తనంతట తానే ముఖం నా వైపు వంచి నోరు తెరవబోయాడు. నేను చెంబు తిన్నె మీద పెట్టి, నీళ్ళు ఇక్కడున్నాయి మామా అని, వెనక్కి తిరిగి లోపలికి వచ్చేశాను. నా వెనక చాలాసేపు నీళ్ళ చప్పుడు వినబడలేదు. "ఏమే?" అని అత్తగారు కళ్ళతోనే అడిగింది. ఏమీ లేదత్తా అన్నాను. ఆమె ఊపిరి వదిలి కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు మా తిరువళ్ళూరులో ఏ పక్కకూ బస్సెక్కి పోనక్కరలేదు, అన్నీ వీధి చివరే దొరుకుతాయి. గాజు సీసాల్లో మా కోడలు తీగ మొక్కలు పెంచుతుంది, ఎండ పడితే అందంగానే ఉంటాయి. పాటకు అర్థం అడగడానికి ఇంగ్లీషు చదివిన కోడలు అక్కరలేదు, మాటలన్నీ ఫోనులో వరసగా కనబడతాయట, మా మనవరాలు చూపించింది కూడా. కళ్ళద్దాలు పెట్టుకుని కిందిదాకా చదివాను, తెల్లారేది అందులోనూ లేదు. ఎవరు వచ్చినా తలుపు దానంతటదే తాళం పడుతుంది, గడపలో చెంబు పట్టుకుని నిలబడేవాళ్ళు లేరు. మంచిదే అనుకుంటాను గాని, ఒక్కోసారి అంతగా ఎదురుచూసేవాళ్ళూ లేకుండా పోయారే అనిపిస్తుంది.

ఆ సాయంత్రం మామ తాగి వచ్చాడా లేదా అని మీరడిగితే, నాకు ఈనాటికీ తెలియదు. నేను వాసన చూడలేదు.